ఆరేళ్లుగా నా చేతికింద ఉన్న పెన్ ట్యాబ్లెట్

ఈ పెన్ ట్యాబ్లెట్ కొని ఆరేళ్లు దాటింది. రోజుకు ఐదారు గంటలు దీని మీదే నా పని. పిల్లల పుస్తకాలకు, పత్రికల్లో వచ్చే కథలకు బొమ్మలు వేస్తాను. ఉండేది అనంతపురంలో, పని ఇచ్చేవాళ్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. కొనేముందు చాలా సమీక్షలు చదివాను. అన్నీ డబ్బా తెరిచిన వారం లోపు రాసినవే. మూడో ఏడు ఎలా ఉంటుంది, ముందు ఏది పాడవుతుంది, ఎండాకాలం చెమట చేత్తో గీస్తే ఏమవుతుంది అన్నవి ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను చెప్పేవి చాలావరకు ఈ రకం ట్యాబ్లెట్లన్నిటికీ వర్తిస్తాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

ఇది స్క్రీన్ లేని రకం. నల్లటి పలక, దానికో పెన్ను. గీసేది పలక మీద, గీత కనబడేది ఎదురుగా ఉన్న మానిటర్‌లో. గీసే చోటు వెడల్పు 8.5 అంగుళాలు, ఎత్తు 5.3 అంగుళాలు. అప్పట్లో 14,000 పెట్టాను, అంటే నాకు రెండు నెలల ఇంటి అద్దె. పెన్నులో బ్యాటరీ ఉండదు. పలక లోపలి తీగల నుంచి వచ్చే విద్యుదయస్కాంత సంకేతమే పెన్నులోని చిన్న కాయిల్‌కు శక్తినిస్తుంది. ఆరేళ్లలో ఒక్కరోజు కూడా పెన్నుకు ఛార్జింగ్ ఉందా లేదా అని చూసుకోవాల్సిన పని పడలేదు.

మొదటి రెండు నెలలు మాత్రం కష్టపడ్డాను. కన్ను ఒక చోట, చెయ్యి ఒక చోట. సున్నా చుడితే అడ్డంగా సాగిన కోడిగుడ్డు వచ్చేది. లోపం నా చేతిదే అనుకుని పది రోజులు సున్నాలే దిద్దుతూ కూర్చున్నాను. తీరా చూస్తే పలక కొలత 16:10, మానిటర్ కొలత 16:9. పలకను మొత్తం మానిటర్‌కు సాగదీస్తే గుండ్రం గుండ్రంగా రాదు. డ్రైవర్ (ట్యాబ్లెట్‌ను కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో రెండింటి నిష్పత్తి ఒకటయ్యేలా పెట్టగానే సరిపోయింది. కొత్తగా కొన్నవాళ్లు ముందు చేయాల్సిన పని ఇదే.

ఇక నిబ్ సంగతి. ప్లాస్టిక్ నిబ్ గుండ్రంగా అరగదు. పెన్ను వంచి పట్టుకునే వైపు ఏటవాలుగా అరిగి, అంచు ఉలి మొనలా పదునెక్కుతుంది. ఆ అంచే పలకను గీరేస్తుంది. మా ఊళ్లో ఆషాఢం గాలి మొదలైతే కిటికీలు వేసినా సన్నటి ఎర్రదుమ్ము లోపలికి వస్తుంది. అది పలక మీద పడి, దాని మీద నిబ్ నడిస్తే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. మొదటి ఏడాది ఇది తెలియక నా పలక మధ్యలో అరచేతి వెడల్పున నున్నగా మెరిసే మచ్చ పడింది. అక్కడ పెన్ను జారుతుంది. ఇప్పుడు కూర్చునే ముందు తడి పిండేసిన మెత్తటి గుడ్డతో తుడుస్తాను, వారానికోసారి నిబ్‌ను సగం తిప్పి పెడతాను. చెమటకు పాత కాటన్ గ్లవ్ ఒకటి వాడుతున్నాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు భాగాలు కత్తిరించేశాను. మిగతా రెండు వేళ్లూ చెయ్యి అంచూ గుడ్డలో ఉంటాయి కాబట్టి మే నెలలో కూడా చెయ్యి పలకకు అతుక్కోదు.

అసలు బాధ పెట్టింది కేబుల్ దూర్చే పిన్. నాలుగో ఏడు అది వదులైంది. 24 పేజీల పుస్తకం ఫైనల్స్ తెల్లారి పంపాలి, రాత్రి పదకొండుకు గీత మధ్యలోనే తెగిపోవడం మొదలైంది. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. కేబుల్‌ను ఒక కోణంలో వంచి, పుస్తకం బరువు పెట్టి, ఎలాగో పూర్తి చేశాను. మర్నాడు టవర్ క్లాక్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అతను పిన్‌కు మళ్లీ సోల్డరింగ్ పెట్టి ఇచ్చాడు. ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఇంత ధర పెట్టి కొనే వస్తువుకు అంత బలహీనమైన పిన్ పెట్టడం మాత్రం తప్పే.

డబ్బా మీద 4,096 ఒత్తిడి స్థాయిలు (పెన్ను ఎంత గట్టిగా ఒత్తామో గుర్తించే మెట్లు) అని గొప్పగా రాసి ఉంటుంది. ఆ అంకెను నమ్ముకుని కొనకండి. ఎంత తేలిగ్గా తాకితే గీత మొదలవుతుందన్నదే ముఖ్యం. కనురెప్పల వెంట్రుకలు, పసిపిల్లల జుట్టు గీసేటప్పుడు తేడా తెలిసిపోతుంది. నాది కాస్త గట్టిగా తాకితేగానీ పలకదు. ఎంత ఒత్తితే గీత ఎంత రావాలో సెట్టింగుల్లో మార్చుకుని సర్దుకున్నాను.

పని తీరు చెప్పాలంటే, రఫ్ ఇప్పటికీ కాగితం మీదే, పెన్సిల్‌తోనే వేస్తాను. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, లేతగా చేసి, పైన వేరే లేయర్‌లో (పారదర్శకమైన పొరలో) గీత గీస్తాను. క్రిటా ఉచితంగా దొరుకుతుంది, ప్రింటుకు కావలసిన సీఎంవైకే (నాలుగు సిరాల) రంగుల్లోనూ పని చేయనిస్తుంది. నా మొదటి పుస్తకంలో చిలకపచ్చ అంతా ప్రింటులో మసకబారి వచ్చింది. స్క్రీన్ మీద మెరిసే పచ్చను సిరా ఇవ్వలేదని నాకప్పుడు తెలియదు. ఏ-4 సైజుకు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480 × 3508 పిక్సెళ్లు పెట్టి మొదలుపెడతాను. బట్టల అంచులు, నగల మీద పువ్వులు కావాలంటే లేపాక్షి వెళ్లి లతామండపం స్తంభాల ముందు స్కెచ్‌బుక్ పట్టుకుని కూర్చుంటాను. డబ్బు విషయంలో సగం అడ్వాన్స్, రెండు విడతల కరెక్షన్లు, మూడోదానికి విడిగా. ఇది ముందే మెసేజ్‌లో రాసి పంపుతాను.

ఈ ట్యాబ్లెట్ మీద నా గీత మారింది మాత్రం నిమ్మలకుంట వెళ్లొచ్చాకే. ధర్మవరం పక్కన తోలుబొమ్మలు చేసే ఊరది, 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారి ఊరు. అక్కడ ఒకాయన దీపం వెలుతురు దాటేంత పల్చగా చేసిన మేకతోలు మీద సీత బొమ్మ గీస్తున్నారు. మెడ నుంచి భుజం దాకా ఒకే గీత, చెయ్యి ఎత్తకుండా. తర్వాత నగలున్న చోటల్లా ఉలితో సన్నటి రంధ్రాలు కొట్టుకుంటూ పోయారు. "గీత తప్పితే ఎట్లన్నా?" అని అడిగాను. "తప్పకూడదప్పా. తప్పితే దాన్ని నగలో కలుపుకుంటాం" అన్నారు, తల ఎత్తకుండానే.

ఇంటికొచ్చి ఆ రాత్రే అన్‌డూ (గీసింది చెరిపి వెనక్కి వెళ్లే) మెట్లను ఐదుకు తగ్గించాను. గీతను సాఫ్ట్‌వేర్ తానే నున్నగా సర్దే సెట్టింగునూ దాదాపు తీసేశాను. అంతకుముందు ఒక్క చెంప గీతకే ఇరవై సార్లు వెనక్కి వెళ్లేదాన్ని. గీత శుభ్రంగా ఉండేది, ప్రాణం ఉండేది కాదు. ఇప్పుడు గాల్లో రెండుసార్లు చెయ్యి ఆడించి, మోచేతి నుంచి ఒకేసారి లాగుతాను.

స్క్రీన్ ఉన్నది కొనాలా అని నన్ను చాలామంది అడుగుతారు. ఒక స్నేహితురాలిది వారం రోజులు వాడి చూశాను. గీసే చోటే చూపు ఉండటం హాయిగానే ఉంది. కానీ నా చెయ్యే బొమ్మను కప్పేస్తుంది, మూడు గంటలకు మెడ పట్టేసింది, ఏప్రిల్ నెలలో ఆ వేడి స్క్రీన్ మీద చెయ్యి ఆన్చలేకపోయాను. ఎక్కువ గంటలు కూర్చునేవాళ్లకు స్క్రీన్ లేనిదే మేలని నా గట్టి నమ్మకం.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఒక్క పరీక్ష చేయండి. పలక మీద స్కేలు ఏటవాలుగా పెట్టి, దాని వెంట పెన్నును చాలా మెల్లగా లాగండి. త్వరగా గీస్తే ఏ ట్యాబ్లెట్ అయినా బాగానే కనబడుతుంది. మెల్లగా గీసినప్పుడు గీత అలలు అలలుగా వస్తే, ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.