పాత జీపు పికప్ ఎత్తు దించాలనుకునేవాళ్ళకు: మిర్యాలగూడలో బోర్డు లేని కమాన్ షాపు

కమాన్లంటే చక్రాల దగ్గర బండి బరువు మోసే, వంచిన ఉక్కు పట్టీల స్ప్రింగులు. వాటి పని చేసే ఈ షాపుకు పేరు లేదు, బోర్డు లేదు. మిర్యాలగూడలో రైసు మిల్లుల వైపు, ట్రాక్టర్ ట్రాలీలు రిపేరుకు ఆగి ఉండే చోట "కమాన్ చాచా ఎక్కడ" అని అడిగితే ఎవరైనా చెయ్యి చూపిస్తారు. పని బాగుంది, రేటు న్యాయంగా ఉంది, చెప్పిన టైముకు మాత్రం ఇవ్వరు. తొందరలో ఉన్నవాళ్ళకు ఈ మాత్రం చాలు. పాత బండికి నిజంగా కమాన్లు మార్చాలనుకునేవాళ్ళు మిగతాది కూడా చదవండి.

మాది పెళ్ళి డెకరేషన్ పని. బండి 1990 నాటి మహీంద్రా జీపు పికప్, ప్యూజో డీజిల్ ఇంజన్, ఏపీ 24 నంబరు. నాన్న దాన్ని ఎరువుల బస్తాలు తోలడానికి కొన్నారు, కమాన్లు కూడా ఆ బరువుకే వేయించారు. ఇప్పుడు అందులో వెళ్ళేది పూలు, గుడ్డలు, స్టేజీ పైపులు, ఒక చిన్న జనరేటర్. అంత తక్కువ బరువుకు ఆ కమాన్లు కదలనే కదలవు. గుంత వచ్చిందంటే బండి వెనక మొత్తం ఎగిరిపడుతుంది. బంతిపూల దండలు ఫంక్షన్ హాలుకు చేరేసరికి రెక్కలు సగం బాడీలోనే రాలి ఉంటాయి. పైగా ఈ మధ్య బరాత్‌కు ఈ పాత బండే కావాలని అడుగుతున్నారు. పట్టుచీరతో పెళ్ళికూతురు అంత ఎత్తు ఎక్కాలంటే కింద స్టూలు, చుట్టూ నలుగురు మనుషులు. అందుకని ఒక రెండు అంగుళాలు దించుదామనుకున్నాం.

మా తమ్ముడికి అమెరికా షెవర్లే సీ-10 పికప్‌ల వీడియోల పిచ్చి. "ముందు మూడు, వెనక ఐదు అంగుళాలు దించుతారన్నా, మనమూ అట్లనే చేద్దాం" అంటాడు. 1960లలో, 1970ల మొదట్లో వచ్చిన ఆ సీ-10లు చాలావాటికి వెనక కూడా కాయిల్ స్ప్రింగులే. పొట్టి కాయిల్ తెప్పించుకుంటారు, పాతది తీసి కొత్తది పెడతారు, అయిపోతుంది. మన జీపు పికప్‌కు నాలుగు మూలలా పట్టీల కమాన్లే. దీని లెక్క వేరు.

హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆటోనగర్‌లో వాకబు చేశాం. ఒక చోట "రెండు పట్టీలు పీకేస్తే అదే దిగుతది, గంట పని" అన్నారు. దిగుతుంది, నిజమే. కానీ ఒకే మందం పట్టీలు ఏడు ఉన్నచోట రెండు తీస్తే కమాన్ బలంలో దాదాపు పావు వంతుకు పైగా పోతుంది. జనరేటర్ ఎక్కించగానే హౌసింగ్ (వెనక ఇరుసు ఉండే గొట్టం) వెళ్ళి ఛాసిస్ కింది రబ్బరు స్టాపర్‌కు కొట్టుకుంటుంది. ఇంకో చోట గ్యాస్ మంటతో వేడి చేసి వంపు తీస్తామన్నారు. అది వినగానే అక్కడి నుంచి లేచాను. స్ప్రింగ్ స్టీలుకు గుణం వచ్చేదే వేడి చేసి, ఆయిల్‌లో చల్లార్చి, మళ్ళీ తగినంత వేడి ఇవ్వడం వల్ల. ఒక్క చోట మంట పెడితే అక్కడ ఆ గుణం పోతుంది. కొన్నాళ్ళకు సరిగ్గా అక్కడే కూర్చుంటుంది, లేదా విరుగుతుంది.

మన చాచా ముందు ఎత్తు సంగతి ఎత్తనే లేదు. "లోడ్ ఎంతేస్తవ్ బేటా? ఎక్కువల ఎక్కువ ఎంత, తక్కువల తక్కువ ఎంత, అది చెప్పు" అన్నాడు. అందాజాగా చెప్తే ఒప్పుకోలేదు. దగ్గర్లో ఉన్న కాటా మీద ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి ఎక్కించుకుని చీటీ తెమ్మన్నాడు. ఖాళీ బండికి ఒక చీటీ, సామాను నింపాక ఒక చీటీ. నేను ఈ షాపుకు మార్కులు వేసేది ఇక్కడే. ఎంత దించాలి అనేది టేపు పట్టుకుని ఎవరైనా చెప్తారు. దించాక ఎంత బరువు మోయాలి అని అడిగినవాడు నాకు ఈయనొక్కడే కనపడ్డాడు.

హౌసింగ్‌కు, కమాన్‌కు మధ్య ఇనుప దిమ్మ పెడితే సరిపోదా అని తమ్ముడు అడిగాడు. చాచా వాణ్ణి బండి కిందికి దూరి చూడమన్నాడు. మా బండికి కమాన్లు హౌసింగ్ కింద ఉన్నాయి. అలాంటి చోట దిమ్మ పెడితే బండి దిగుతుంది. అదే కమాన్ హౌసింగ్ పైన ఉండే బండికి పెడితే తిరగబడి లేస్తుంది. కానీ మా బండికి దిమ్మ పెడితే కమాన్‌తో పాటు దాని కింది ప్లేటు, కమాన్‌ను హౌసింగ్‌కు పట్టి ఉంచే యూ-బోల్టుల కొనలు కూడా రోడ్డుకు దగ్గరవుతాయి. మన ఊళ్ళల్లో స్పీడ్ బ్రేకర్లు ఎవరింటి ముందు వాళ్ళు వేసుకున్నవి, అవి రాసుకోక తప్పదు. వంపు తగ్గించి దించితే ఆ బాధ లేదు. డిఫరెన్షియల్ (హౌసింగ్ మధ్యలో ఉండే గేర్ల డబ్బా) ఎత్తు టైరును బట్టి ఉంటుంది కాబట్టి అది ఎక్కడిదక్కడే. తగ్గేది ఛాసిస్, సైలెన్సర్ కింది ఖాళీ, స్టాపర్ దాకా ఉండే జాగా.

పాత పట్టీలకే వంపు తగ్గించొచ్చు కదా అంటే ఆయన ఒక్కో పట్టీని సుత్తితో కొట్టి చప్పుడు విన్నాడు. వెనక మెయిన్ పట్టీ ఒకటి బొంగురుగా పలికింది. తుడిచి చూస్తే సెంటర్ బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకంత పగులు. అందుకే కొత్త సెట్టు. పాత వంపును నేల మీద సుద్దతో గీసి, దాని కింద తక్కువ వంపుతో ఇంకో గీత గీశాడు. కొలిమిలోంచి తీసిన ప్రతి పట్టీనీ ఆ గీత మీద పెట్టి సరిచూశారు. వెనక ఎనిమిది పట్టీలకు బదులు ఆరే వేశాడు. వాటి అడుగున దాదాపు వంపు లేని దళసరి హెల్పర్ పట్టీ ఒకటి. ఖాళీ బండికి అది పనిచేయదు, జనరేటర్ ఎక్కినప్పుడే ఆనుకుంటుంది. ముందు మాత్రం పట్టీల లెక్క మార్చలేదు, వంపే తగ్గించాడు. ఇంజన్ బరువు రోజూ ఉండేదే కదా.

పట్టీ మందం గురించి ఒక మాట. ఏడు మిల్లీమీటర్ల పట్టీకి బదులు ఎనిమిది వేస్తే ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. గట్టిదనం మందం ఘనాన్ని (మందం × మందం × మందం) బట్టి పెరుగుతుంది, అంటే ఇక్కడ దాదాపు ఒకటిన్నర రెట్లు. అందుకని "కొంచెం దళసరివి వేద్దాంలే, ఎక్కువ రోజులొస్తయి" అనే మాటకు పడిపోకండి. బండి దిగుతుంది కానీ పూలు మళ్ళీ రాలతాయి.

వంపు తగ్గితే కమాన్ పొడవు సాగుతుంది. మాకు ఒక్కో కమాన్‌కు షాకిల్ (కమాన్ ఒక కొనను ఛాసిస్‌కు కలిపే, ఊగే లింకు) ఉన్న కొన అంగుళం దాకా జరిగింది, కోణం చూసి కొనల్లోని బుష్‌లు కొత్తవి వేశారు. ఆ బుష్ బోల్టులు బండిని జాకీల మీద ఉంచి కాకుండా చక్రాల మీద నిలబెట్టాకే బిగించారు. ఇది చాలామంది పట్టించుకోరు. పాత యూ-బోల్టులు వాడతామంటే చాచా ఒప్పుకోలేదు. షాక్ అబ్జార్బర్లు కొంచెం పొట్టివి కావాలి. అవి ఈ షాపులో దొరకవు, బయట తెచ్చుకోవాల్సిందే. పట్టీలు కిలో లెక్కన, కూలి విడిగా. షాక్‌లు కాకుండా అన్నీ కలిపి మాకు 14,500 అయింది.

ఇక లోపాలు. "రేపు" అంటే ఏ రేపో తెలియదు. పెళ్ళి ఆర్డర్లు ఉన్నవాడికి ఎంత టెన్షనో ఆయనకు పట్టదు. బిల్లు ఇవ్వరు. మొదట్లో కమాన్లు కిర్రుకిర్రుమన్నాయి, పట్టీల మధ్య గ్రీజు మేమే పెట్టుకున్నాం. ముందు భాగం దిగడం వల్ల స్టీరింగ్ రాడ్డు కోణం మారింది. పెద్ద గుంతలో స్టీరింగ్ కొద్దిగా పక్కకు గుంజుతోంది, ఇంకా సరిచేయించాలి. హెడ్‌లైట్లు కూడా మళ్ళీ సెట్ చేసుకోవాలి.

నడక మాత్రం మారింది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద మలుపుల్లో బండి మునుపటిలా ఒరగడం లేదు. లోడుతో వాడపల్లి దాకా వెళ్ళొస్తే స్టాపర్ ఒక్కసారి కూడా తగల్లేదు. పెళ్ళికూతుళ్ళకు స్టూలు ఇంకా కావాలి కానీ చిన్నది చాలు.

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. పని మొదలుపెట్టే ముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను అడగండి. పాత కమాన్లు తుక్కుకు వేయకండి. మావి గ్రీజు పూసి గోదాంలో పెట్టాం, పగిలిన పట్టీ ఒక్కటి మార్చుకుంటే అవసరమైనప్పుడు మళ్ళీ బిగించొచ్చు.

వెళ్ళేవాళ్ళు వరి కోతలప్పుడు వెళ్ళకండి, ట్రాలీల లైను తప్ప ఇంకేం కనపడదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూస్తారు. బండి తీసుకున్నాక ఐదొందల కిలోమీటర్లు తిరిగి యూ-బోల్టులు మళ్ళీ బిగించుకోవడానికి రమ్మంటారు, దానికి డబ్బులు తీసుకోరు.