టొలీడోనా, కార్నింగా?

న్యూజెర్సీ నుంచి నయాగరా వెళ్లే టూర్ బస్సులు చాలా వరకు దారిలో కార్నింగ్ గాజు మ్యూజియం దగ్గర ఆపుతాయి కాబట్టి మనవాళ్లలో చాలామంది అది చూసే ఉంటారు. ఒహైయోలోని టొలీడోలో కూడా గాజుకి పేరున్న మ్యూజియం ఉంది. డెట్రాయిట్ నుంచి గంట ప్రయాణమే, అయినా హైవే బోర్డు మీద పేరు చదివి ముందుకెళ్లిపోతాం. కానీ ఒక మనిషి సొంత కొలిమి పెట్టుకుని, తన ఇష్టం వచ్చినట్టు గాజుతో కళ చేయడం ఎక్కడ ఊపందుకుందో చూడాలంటే ఆగాల్సింది అక్కడే.

1962 దాకా అమెరికాలో గాజు అంటే దాదాపు ఫ్యాక్టరీ పనే. డిజైన్ గీసేది ఒకరు, ఊదేది ఇంకొకరు. హార్వీ లిటిల్‌టన్ సెరామిక్స్ మాస్టారు, పుట్టింది కార్నింగ్‌లోనే, తండ్రి అక్కడి గాజు కంపెనీలో శాస్త్రవేత్త. ఆయన 1962 మార్చిలో టొలీడో ఆర్ట్ మ్యూజియం ఆవరణలో ఒక గ్యారేజీలో చిన్న కొలిమి పెట్టి వర్క్‌షాప్ నడిపారు. మొదట్లోనే గాజు కరిగించే మూస (క్రూసిబుల్) పగిలింది. అప్పుడు గాజు పరిశోధకుడు డొమినిక్ లబీనో కొలిమిని మార్చి, ఫైబర్‌గ్లాస్ తయారీకి వాడే గాజు గోళీలు కరిగిస్తే పని జరిగింది. ఊదడం రాక అవస్థ పడుతుంటే, లిబ్బీ గాజు ఫ్యాక్టరీలో రిటైరైన హార్వీ లీఫ్‌గ్రీన్ వచ్చి ఎలా చేయాలో చూపించారు. కళాకారుల ఉద్యమానికి మొదటి పాఠం చెప్పింది ఫ్యాక్టరీ మనిషి, ఆయన పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు!

ఇప్పుడక్కడ 2006లో కట్టిన గ్లాస్ పెవిలియన్ ఉంది, గోడలు కూడా వంపులు తిరిగిన గాజే. ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కే డబ్బులు. గాజు ఊదే డెమో దగ్గరగా కూర్చుని చూడొచ్చు. కార్నింగ్‌లో టికెట్ కొనాలి, జనం ఎక్కువ, కానీ 3500 ఏళ్ల గాజు చరిత్ర ఒకేచోట ఉంటుంది, బస్సువాళ్లిచ్చే టైమ్ ఏ మూలకీ సరిపోదు. టొలీడోకి సగం రోజు చాలు, రాత్రి ఉండొద్దు. మేము దిగిన మోటెల్‌లో ఏసీ మోతకి నిద్ర లేదు, పొద్దున టిఫిన్ పేరుతో రెండు చల్లటి బ్రెడ్డు ముక్కలు. కార్నింగ్‌లో అయితే మార్కెట్ స్ట్రీట్ దగ్గర బస చేస్తే సాయంత్రం నడుచుకుంటూ తిరగొచ్చు.

డబ్బు కట్టి మనమే వస్తువు చేసుకునే క్లాసు రెండుచోట్లా ఉంది, పిల్లలకి భలే సరదా. అయితే వేడి గాజు మెల్లగా చల్లారకపోతే పగులుతుంది కాబట్టి వెంటనే చేతికివ్వరు. మర్నాడు ఆ ఊళ్లో ఉండకపోతే, పంపడానికి ఎంతవుతుందో బుక్ చేసేటప్పుడే అడగండి.