ఆగిపోయే బండికి ఈఎల్‌ఎం327 బ్లూటూత్ స్కానర్: కోడ్ల కోసం కాదు, లైవ్ డేటా కోసం కొనండి

విశాఖలో హనుమంతవాక సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి బండి నిలపగానే ఇంజిన్ ఆగిపోతుంది. మళ్ళీ సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే గంటసేపు ఆన్‌లో ఉంచినా ఆగదు. ఇలా వచ్చిపోయే జబ్బుకు ముందు ప్లగ్గులు, తర్వాత కాయిల్స్, ఆ తర్వాత పెట్రోల్ పంపు మార్చి వేలు తగలేసేవాళ్ళు చాలామంది. ఒక్క పార్టు మార్చకముందే వెయ్యి రూపాయల లోపు దొరికే, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) అంకెల్ని ఫోన్‌లో చూపే ఈ స్కానర్‌తో చూసుకోవడం మేలు. ఏం చూడాలో తెలియాలి, అంతే.

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి ఫోన్ యాప్‌తో కలపాలి. 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్4 కార్లలోనూ, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 కార్లలోనూ ఈ స్కానర్ చదివే ఓబీడీ-2 పద్ధతి ఉంటుంది. బజారులో దొరికేవి దాదాపు అన్నీ నకలు చిప్పులే. వి2.1 అని రాసి ఉంటే కొత్తదని మురిసిపోకండి. వాటిలో చాలావాటికి కొన్ని కమాండ్లు అసలు రావు, వి1.5 అని అమ్మేవే నయం. ఐఫోన్ ఉన్నవాళ్ళు మామూలు బ్లూటూత్‌ది కొంటే కలవదు, బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై రకం తీసుకోవాలి.

ఆగిపోయే బండి చాలాసార్లు కోడ్ (ఈసీయూ దాచే లోపం నంబరు) ఏదీ పెట్టదు. అందుకే ఈ స్కానర్‌లో అసలు విలువ లైవ్ డేటాదే, అంటే బండి నడుస్తుండగా వచ్చే అంకెలదే. యాప్‌లో ఆర్‌పీఎం, కూలెంట్ వేడి, మ్యాప్ సెన్సార్ (ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) రీడింగ్, రెండు ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకెలు), వోల్టేజీ పెట్టుకుని రికార్డింగ్ ఆన్ చేసి బండి నడపండి. ఎక్కువ అంకెలు పెడితే రిఫ్రెష్ నెమ్మదించి ఆగిన క్షణమే జారిపోతుంది. ఆరు చాలు.

బండి ఆగాక మొదట చూడాల్సింది ఆర్‌పీఎం గీత. తూలుతూ, ఊగుతూ పడిపోతే గాలి, ఇంధనం వైపు వెళ్ళాలి. ఉన్నట్టుండి తెగినట్టు సున్నాకు పడితే కరెంటు వైపు చూడాలి. అందులోనూ తేడా ఉంది. బండి గేర్‌లోనే దొర్లుతుండగా, మిగతా అంకెలన్నీ వస్తూ ఆర్‌పీఎం ఒక్కటే సున్నా అయితే ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సార్ లేదా దాని వైరు. అలాంటి బండి వేడి మీద ఆగి, పావుగంట చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. స్టార్ట్ కాని ఆ పావుగంటలో సెల్ఫ్ కొడుతూ చూస్తే ఇంజిన్ తిరుగుతున్నా స్క్రీన్ మీద సున్నాయే ఉంటుంది. పీ0335 కోడ్ వస్తే రావచ్చు, రాకపోతే దాని కోసం ఆగక్కర్లేదు. స్కానర్ లైటు వెలుగుతూనే ఈసీయూ జవాబివ్వడం మానేస్తే మాత్రం మెయిన్ రిలే, ఇగ్నిషన్ స్విచ్, ఎర్త్ వైరు చూడాలి. స్కానర్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది కాబట్టి ఈ తేడా తెలుస్తుంది.

ఎర్త్ వైరు మన ఊళ్ళో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన మాట. బీచ్ రోడ్డు, రుషికొండ వైపు రాత్రంతా బయట నిలిపే బళ్ళకు ఉప్పుగాలి తగిలి ఇంజిన్ ఎర్త్ పట్టీ చివర్లు పచ్చగా తుప్పుపడతాయి. ఇది స్కానర్‌లో కనిపించదు, మల్టీమీటర్ కావాలి. ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొన ఇంజిన్ బ్లాక్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు దాటి బాగా పెరిగితే పట్టీ విప్పి, గీకి, బిగించాలి.

ట్రిమ్ చదవడం తెలిస్తే ఇక సగం పని అయినట్టే. మ్యాఫ్ సెన్సార్ (లోపలికి వచ్చే గాలి ఎంతో కొలిచేది) ఉన్న బండిలో ఐడిలింగ్‌లో ట్రిమ్ +20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర +5కి దిగితే ఎక్కడో దొంగగాలి దూరుతోంది: ఇన్‌టేక్ హోస్, పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌కు పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం. తిరగబడి, సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు పెరిగితే పంపు, ఫిల్టర్. ఇ10కి (పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు) తయారైన బండిలో ఇ20 పోస్తే ట్రిమ్ నాలుగైదు శాతం పెరగడం సహజం, దాన్ని జబ్బు అనుకోవద్దు. మ్యాప్ సెన్సార్ మాత్రమే ఉన్న బండిలో లీకు ట్రిమ్‌లో అంతగా కనబడదు. మామూలుగా ఐడిలింగ్‌లో 30 నుంచి 40 కిలోపాస్కల్ ఉండాల్సింది 50 చూపిస్తే అనుమానించాలి. ఆ సెన్సార్ నిజం చెబుతోందా అంటే, ఇంజిన్ ఆపి కీ ఆన్ చేయండి: సముద్రమట్టం ఊరు కాబట్టి ఇక్కడ 100 దగ్గర ఉండాలి. అరకులో 91 చూపితే సెన్సార్ పోయినట్టు కాదు, ఆ ఊరు 900 మీటర్ల ఎత్తులో ఉంది.

ట్రిమ్‌లు బాగుండి, ఐడిల్ 700 కిందికి జారుతూ, పీ0506 (ఐడిల్ తక్కువగా ఉందనే కోడ్) వస్తుంటే త్రాటిల్ బాడీలో మసి. కీ ఆఫ్ చేసి, క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి రేకు అంచు తుడవాలి. ఎలక్ట్రానిక్ త్రాటిల్ అయితే రేకును వేలితో నెట్టకండి, లోపలి గేర్లు దెబ్బతింటాయి. ఆ తర్వాత ఐడిల్ రీలెర్న్ కావాలి, అంటే ఈసీయూ ఐడిల్‌ను మళ్ళీ నేర్చుకోవాలి. చాలా బళ్ళు కొద్దిసేపు ఐడిలింగ్‌లో వదిలితే సర్దుకుంటాయి, కొన్నిటికి కంపెనీ స్కానర్ తప్పదు. ఈ చవక పరికరం ఆ పని చేయదు.

ఫుల్ ట్యాంక్ కొట్టించిన వెంటనే మాత్రమే ఆగే బండికైతే స్కానర్ అక్కర్లేదు. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌కు వదిలే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది. గొట్టం తీసి ఐడిలింగ్‌లో వేలు పెడితే లాగకూడదు.

లోపాలు చెప్పాలంటే, మామూలు పెట్రోల్ ఇంజిన్లలో ఫ్యూయల్ ప్రెషర్ చూపదు, గేజ్ పెట్టాల్సిందే. డీజిల్ కామన్ రెయిల్ బళ్ళలో రెయిల్ ప్రెషర్ చాలావాటికి వస్తుంది, అది పెద్ద మేలు. బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు కనెక్షన్ తెగుతుంది. సాకెట్‌లోనే వదిలేస్తే రోజుల తరబడి బ్యాటరీ పీలుస్తుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడినప్పుడు ఈసీయూ దాచుకునే రీడింగులు) ఫోటో తీసుకోకుండా కోడ్ చెరిపేస్తే, జబ్బు పుట్టిన క్షణపు వేడి, వేగం, లోడు అన్నీ పోతాయి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. కొన్న రోజే, బండి బాగున్నప్పుడే, వేడెక్కిన ఇంజిన్‌తో ఏసీ ఆఫ్, ఏసీ ఆన్ రీడింగులు రెండూ ఫోన్‌లో దాచుకోండి.