“వాటర్‌ప్రూఫ్” అని నమ్మి గుర్రాల పనికి జాకెట్, బూట్లు కొన్నాను. మీరు మాత్రం కొనకండి

కోపంలోనే రాస్తున్నాను. ఎక్కడైనా తప్పులు దొర్లితే సర్దుకుని చదవండి.

ఏ కంపెనీ గురించో గుర్రాలతో పనిచేసేవాళ్లకి పేరు చెప్పకపోయినా తెలిసిపోతుంది. స్వారీ బట్టల కోసం వెతికితే మొదట ఎదురయ్యే ప్రకటన వాళ్లదే. “లాయం పనికి ప్రత్యేకం, వంద శాతం వాటర్‌ప్రూఫ్” అని జాకెట్, “స్టీల్ టో” అని, అంటే వేళ్ల మీద లోపల స్టీల్ కప్పు ఉంటుందని, బూట్లు. పాత జాకెట్ చిరిగిపోయింది, వానలు మొదలయ్యాయి, తొందరలో రెండూ తెప్పించుకున్నాను.

మొదటి వాన రోజే బండారం బయటపడింది. తెల్లవారుజామున లద్ది ఎత్తి, బకెట్లలో నీళ్లు నింపి, మా ఆడగుర్రాన్ని మేతకి వదలడానికి బయటికి తీసుకెళ్లాను. ఇరవై నిమిషాలు కూడా కాలేదు, భుజాల దగ్గర చల్లగా తగిలింది. గుడ్డ మీద పడ్డ చినుకులు బాగానే జారిపోతున్నాయి, కుట్లలోంచి మాత్రం నీళ్లు లోపలికి దిగుతున్నాయి. తర్వాత తిరగేసి చూస్తే లోపలివైపు ఒక్క కుట్టు మీద కూడా టేపు లేదు. సూది దిగిన ప్రతిచోటా చిల్లే కదా! దాన్ని మూయకపోతే గుడ్డ ఎంత మంచిదైతే ఏం లాభం?

తడవడం ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఆ జాకెట్ చెయ్యి కదిలిస్తే చాలు, ప్లాస్టిక్ సంచిలా గరగరమంటుంది. గేటు గడియ తియ్యడానికి చెయ్యి చాపగానే ఆ చప్పుడుకి గుర్రం తల పైకెత్తి ఒక్కసారిగా పక్కకి గెంతింది. దిగేటప్పుడు దాని ముందుకాలి డెక్క నా కుడిపాదం మీద పడింది. సుమారు ఐదు వందల కిలోల ప్రాణి. అంచు తగిలి జారిపోయింది కాబట్టి సరిపోయింది. బొటనవేలు వాచి, గోరు నల్లబడింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలాకే ఊపిరి పీల్చుకున్నాను. గుర్రాన్ని ఒక్క మాట అనను. అది భయపడింది, అంతే.

ఇంటికొచ్చి బూటు కోసి చూశాను. లోపల స్టీల్ లేదు. వేళ్ల దగ్గర గట్టి అట్టలాంటి ముక్క పెట్టి, పైన తోలు అతికించారు.

ఫొటోలన్నీ తీసి వాళ్లకి పంపాను. మర్యాదగానే రాశాను, డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను, ఈ బూట్లు ఇంకెవరికీ అమ్మొద్దని కూడా అడిగాను. మర్నాడు వచ్చిన జవాబు ఇది: “గుర్రం తొక్కితే ఏ బూటైనా పాడవుతుంది. మీకు గుర్రాన్ని పట్టుకోవడం రాకపోతే అది మా బాధ్యత కాదు.”

ఆ రెండు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో. పదకొండేళ్లుగా రోజూ లాయంలో పనిచేస్తున్నాను. వాచిన కాలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్న మనిషితో అనాల్సిన మాటా అది? “స్టీల్ టో” అని రాసి అట్టముక్క పెట్టినవాళ్లు నాకు పని రాదంటున్నారు!

ప్రకటనలో మీరే ఇలా రాశారు కదా అని చూపిద్దామని ఆ పేజీ మళ్లీ తెరిచాను. మార్చేశారు. “వంద శాతం వాటర్‌ప్రూఫ్” పోయి “నీటిని కొంతవరకు తట్టుకుంటుంది” అయింది. “స్టీల్ టో” ఉన్నచోట “దృఢమైన ముందుభాగం” అని ఉంది. అడిగితే, “పేజీ మొదటినుంచీ ఇలాగే ఉంది, కాదంటే స్క్రీన్‌షాట్ పంపండి” అన్నారు. నా దగ్గర లేదు. బూటు కోసేశానని ఒక వంక, జాకెట్‌కి గుర్రం వాసన వస్తోందని ఇంకో వంక, రెండూ వెనక్కి తీసుకోలేదు. లాయం పనికని అమ్మిన జాకెట్‌కి గుర్రం వాసన రాకుండా ఎలా ఉంటుంది?

నా తప్పు కూడా ఉంది, అది నన్ను తినేస్తోంది. అసలైన సేఫ్టీ బూట్ల మీద ఈఎన్ ఐఎస్‌ఓ 20345 అని ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్నదాని ముందుభాగం 200 జౌళ్ల దెబ్బకి, అంటే 20 కిలోల బరువు ఒక మీటరు ఎత్తునుంచి పడినంత దెబ్బకి తట్టుకోవాలి. 15 కిలోన్యూటన్ల నొక్కుడుకి, అంటే దాదాపు టన్నున్నర బరువుకి కూడా ఆగాలి. కొత్తగా పనిలోకి వచ్చే పిల్లలకి ఇవన్నీ చెప్పేదాన్ని నేనే. నా బూట్ల నాలుక తిరగేసి ఆ ముద్ర ఉందో లేదో చూసుకోలేదు. ఇదే జత ఆ పిల్లల్లో ఎవరైనా వేసుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే టెన్షన్ వస్తోంది.

కొనబోయేవాళ్లకి నాలుగు మాటలు. వాన జాకెట్ మీద 5000, 10000 మిల్లీమీటర్లు అని అంకెలుంటాయి. ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపుతుందన్నది అది, కానీ చాలాసార్లు ఆ అంకె గుడ్డదే, కుట్లది కాదు. అందుకే జాకెట్ రాగానే తిరగేసి కుట్ల మీద టేపు ఉందో లేదో చూడండి. వాన నుంచి కాపాడే పని దుస్తులకి ఈఎన్ 343 అనే ప్రమాణం ఉంది, లేబుల్ మీద అది ఉంటే ఇంకా మంచిది. గుర్రం దగ్గరికి వెళ్లకముందే వేసుకుని చేతులు ఊపి చప్పుడు వినండి. వేలాడే తాళ్లు, చర్రుమని ఊడే వెల్క్రో పట్టీలు ఉన్నవి వద్దు. లావు అడుగున్న పని బూట్లతో స్వారీకి ఎక్కకండి, పాదం రికాబులో ఇరుక్కుంటుంది. దానికి మడమ ఉన్న స్వారీ బూట్లు వేరే ఉండాలి.

డబ్బు కట్టే ముందు ఆ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, ఏమంటారో వచ్చాక రాస్తాను.