నేపాల్ పల్లెలో 12 రోజులా, ప్రత్తిపాడు మిరప చేలలో ఒక సీజనా: ఏది మేలు?

మా చెల్లెలి కూతురు బీఈడీ పూర్తి చేసి డీఎస్సీ కోచింగ్‌కి వెళ్తోంది. ఆదివారాలు మా చర్చి సంఘంలో సండే స్కూల్ చెప్తుంది. ఈమధ్య ఫోన్ చేసి, "పెద్దమ్మా, మే నెలలో మిషన్ ట్రిప్ ఉందంట. నేపాల్లో పల్లె పిల్లలకి 12 రోజులు చదువు చెప్పాలంట. మనిషికి 30 వేలు. వెళ్లనా?" అంది. కొన్నేళ్ల కిందట నేనూ అలాగే వెళ్లొచ్చాను కాబట్టి నన్నడిగింది. ఇటు మూడేళ్లుగా మిరప కోతల కాలంలో గుంటూరు దగ్గర ప్రత్తిపాడు వైపు చేలకి వెళ్లి పిల్లలకి చదువు చెప్తున్నాను. రెండూ చూసినదాన్ని కదా, గబుక్కున జవాబు చెప్పలేకపోయాను.

ముందు రోజుల లెక్క చూద్దాం. విజయవాడలో రప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గోరఖ్‌పూర్ చేరడానికి దాదాపు ఒకటిన్నర రోజు. అక్కడి నుంచి సునౌలీ దాకా బస్సు, సరిహద్దు దాటి భైరహవా, ఆపైన పల్లెకి జీపు. మనవాళ్లకి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. మన రూపాయి ఇస్తే వాళ్ల రూపాయి 60 పైసలు వస్తుంది. ఇవన్నీ సుఖమే. అయితే రానూపోనూ ఐదు రోజులు దారికే పోయాయి. మిగిలిన ఏడింటిలో శనివారం ఆరాధన. అప్పట్లో అక్కడ వారపు సెలవు శనివారం, సంఘాలు కూడేది కూడా ఆ రోజే. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే తలస్నానాలు చేసి, మంచి చీరలు కట్టుకుని మేం సిద్ధంగా కూర్చుంటే, పిల్లలేమో సంచులు తగిలించుకుని బడికి పోతున్నారు.

అసలు చిక్కు అక్కడే ఉంది. మే నెల మనకి వేసవి సెలవులు. వాళ్లకి ఏప్రిల్ మధ్యలో కొత్త తరగతులు మొదలవుతాయి కాబట్టి బడి జోరుగా నడుస్తుంటుంది. మాకు దొరికింది సాయంత్రం గంటన్నర, అలాంటివి ఆరు సాయంత్రాలు. మొత్తం 9 గంటలు. పోనీ దసరా సెలవుల్లో వెళ్దామా అంటే, వాళ్లకి దశైం, అంటే మన దసరా, దాన్ని మించిన పండగ లేదు, ఊరంతా చుట్టాలే. సంక్రాంతి మూడు రోజులూ మన పిల్లల్ని పలక పట్టుకుని కూర్చోమనండి చూద్దాం.

ఆ 9 గంటల్లోనూ సగం అనువాదానికే పోయింది. నేను తెలుగులో చెప్తే మా జట్టులోని తమ్ముడు హిందీలో చెప్పేవాడు. అక్కడి సండే స్కూల్ టీచరమ్మ దాన్ని భోజ్‌పురిలోకి మార్చేది. బైబిల్ కథలో దావీదు వడిసెల తిప్పి విసిరిన రాయి రెండు భాషలు దాటి గొల్యాతుకి తగిలేసరికి, సగం మంది పిల్లలు మేకల వెనక పరుగెత్తారు. పాటలు మాత్రం బాగా నడిచాయి, చేతులు తిప్పుతూ పాడే పాటకి భాషతో పనేముంది?

లెక్కలు కూడా నడిచాయి. చింతపిక్కలు, చీపురు పుల్లలు తీసుకెళ్లాను. పది పుల్లలు కట్ట కట్టి ఒకట్లు, పదులు చెప్తుంటే ఆ టీచరమ్మ పక్కన నిలబడి చూసింది. మర్నాడు నేను పుల్లలు తీసేలోపే ఆమె తనే తెచ్చిన వెదురు పుల్లలతో మొదలుపెట్టింది. అదీ నేరుగా వాళ్ల భాషలో, ఏ అనువాదమూ లేకుండా. ఆ గంటలో పిల్లలు నేర్చుకున్నంత నా ఐదు సాయంత్రాల్లో నేర్చుకోలేదు. నాకు కాస్త చిన్నతనంగా అనిపించిన మాట నిజం. పిల్లలు నా పేరు ఎప్పుడో మర్చిపోయి ఉంటారు. ఆమె మాత్రం ఇప్పటికీ పుల్లల కట్టల ఫొటోలు వాట్సాప్‌లో పంపుతుంది, "జయ్ మసీహ్ దీదీ" అని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేపాల్ 2015 రాజ్యాంగం ఒకరి మతం ఇంకొకరు మార్పించడాన్ని నిషేధించింది. 2018 నుంచి అమల్లో ఉన్న నేరచట్టంలో దానికి ఐదేళ్ల దాకా జైలు, వాళ్ల రూపాయల్లో 50 వేల దాకా జరిమానా ఉంది. విదేశీయులైతే శిక్ష పూర్తయ్యాక దేశం దాటిస్తారు. వీసా అడగనంత మాత్రాన అక్కడ మనం స్వదేశీయులం అయిపోము. అయినా మమ్మల్ని తీసుకెళ్లినవాళ్లు రైల్లో తలా ఒక కరపత్రాల కట్ట చేతిలో పెట్టారు. దిగగానే అక్కడి సంఘ పెద్ద ఏమీ అనకుండా అవన్నీ తీసుకుని ట్రంకు పెట్టెలో వేసి తాళం వేశాడు. మనం రైలెక్కి వచ్చేస్తాం, పోలీసుల ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాల్సింది ఆయన. పిల్లల ఫొటోలూ అంతే. అడక్కుండా తీసి స్టేటస్‌లో పెట్టేశాం, నేను కూడా పెట్టాను. తర్వాత తీసేశాను.

ఇక మన వైపు. కర్నూలు పడమటి మండలాల నుంచి, అంటే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి, సంక్రాంతి దాటాక కుటుంబాలకి కుటుంబాలే గుంటూరు, పల్నాడు చేలకి మిరప కోతలకొస్తాయి. పిల్లలూ వెంట వస్తారు. వాళ్లు బడి మానకుండా సొంత ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు గానీ, వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. చేను పక్కనే పట్టాలతో గుడిసెలు, పెద్ద పిల్లలు కోతకి, చిన్నపిల్లలు చంటివాళ్లని ఎత్తుకోవడానికి. మేం ముగ్గురం మంగళవారం, శనివారం సాయంత్రం వెళ్తాం. మొదటి పది నిమిషాలు పలక ముట్టనివ్వం, చేతులకి కొబ్బరినూనె రాయడమే పని. మిరపకాయలు కోసిన చేత్తో కన్ను నలుపుకున్నారంటే ఆ పూట చదువు అయిపోయినట్టే.

12 వారాలు, వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున 36 గంటలు. బస్సు చార్జీలు, పలకలు, బిస్కెట్లు అన్నీ కలిపి పోయిన సీజన్‌లో ముగ్గురికీ 8 వేలు దాటలేదు. కొందరికి ఇంట్లో కన్నడం, మిగతావాళ్ల తెలుగు యాస వేరు. అయినా మధ్యలో మూడో మనిషి అక్కర్లేదు. పోయినేడు నాలుగో తరగతి మధ్యలో వచ్చేసిన ఒక పిల్ల తీసివేతల దగ్గర ఆగిపోయింది. వాళ్లమ్మ కూలి డబ్బుల లెక్కతోనే నేర్పాను, వారంలో పట్టేసింది. ఆ తర్వాత కూలీల్ని తెచ్చిన మేస్త్రీ లెక్క తప్పు చెప్తే దిద్దిందట!

దీంట్లోనూ లోటుంది. నేపాల్లో వదిలేసి వచ్చింది మేము. ఇక్కడ ఒక శనివారం మేం వెళ్లేసరికి గుడిసెలు ఉండవు, కోత అయిపోయి వాళ్లే వెళ్లిపోయి ఉంటారు. వచ్చే ఏడు అదే చేనుకి వస్తారన్న నమ్మకం లేదు. మేస్త్రీని ఒప్పించడం ఇంకో టెన్షన్. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది హిందువులే. అందుకే మొదటి రోజే, "చదువు, లెక్కలు చెప్తాం. మా పాటలు మీరు సరేనంటేనే పాడతాం" అని చెప్పేశాం. అక్కడ చట్టానికి భయపడి పాటించింది ఇక్కడ మర్యాదకి పాటిస్తున్నాం.

ట్రిప్‌కి వెళ్లకుండా ఆ 30 వేలూ టీచరమ్మకే పంపితే సరిపోదా అని మా చెల్లెలు అడిగింది. సరిపోవచ్చు. కానీ వెళ్లి చూడని ఊరికి రెండో ఏడు కూడా గుర్తుపెట్టుకుని పంపేవాళ్లు తక్కువ, నన్నూ కలుపుకునే అంటున్నాను.

మా చెల్లెలిదే ఇంకో మాట కూడా ఉంది. "ఫాదర్ హయ్యర్ సముద్రం దాటి రాకపోతే గుంటూరులో ఏసీ కాలేజీ ఉండేదా అక్కా?" అంది. సరైన ప్రశ్నే. కానీ అమెరికా లూథరన్ మిషనరీ అయిన ఆ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి తెలుగు నేర్చుకున్నారు, వెళ్లినా మళ్లీ మళ్లీ తిరిగొచ్చారు. అదే మిషన్ డాక్టరమ్మ కుగ్లర్ 1883లో వచ్చి, ఆసుపత్రి కట్టి, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. వాళ్ల పేరు చెప్పి 12 రోజులు వెళ్లొస్తామంటే నా మనసు ఒప్పుకోదు.

కాబట్టి మా పిల్లకి ఈ మే నెలలో వద్దన్నాను. ఎప్పటికీ వద్దనలేదు. ఆ ట్రిప్ వాళ్లని రెండు ప్రశ్నలు అడగమన్నాను. ఏటా అదే ఊరికి వెళ్తారా? అక్కడి టీచర్‌కి ఏం కావాలో ఆమెనే అడిగారా? రెండింటికీ అవునంటే, బడికి అడ్డం రాని రోజులు చూసుకుని, పిల్లలకి చెప్పడానికి కాకుండా టీచర్ పక్కన కూర్చోవడానికి వెళ్లమన్నాను. ఈలోపు కోతలు నడుస్తున్నాయి కదా, శనివారం నాతో రమ్మన్నాను.

వచ్చింది. నూనె సీసా తనే పట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు ఏం మాట్లాడలేదు. గుంటూరు దగ్గర పడుతుండగా, "ఆ నేపాల్ టీచరమ్మ నంబర్ ఇవ్వు పెద్దమ్మా" అంది.