కెరక్ కోటకు వెళ్లే దారి ముందే తేల్చుకోండి

జోర్డాన్ వచ్చే మన క్రైస్తవ యాత్రా బృందాలు నెబో కొండ, మాదబా చూసుకుని పెట్రాకు వెళ్లిపోతాయి. కెరక్ పేరు ఎత్తేవారు తక్కువ. మా అత్తయ్య మాత్రం కువైట్‌లో విమానం ఎక్కకముందే కెరక్ చూడాల్సిందేనని పట్టుపట్టారు. రెండవ రాజుల గ్రంథం మూడో అధ్యాయంలోని కీర్హరెశెతు ఇదేనని పండితులు చెబుతారు. ముట్టడిలో చిక్కిన మోయాబు రాజు మేషా తన పెద్ద కొడుకును ప్రాకారం మీద బలి ఇచ్చిన చోటు.

రాజధాని అమ్మాన్‌లో బస, భోజనం బాగానే సాగాయి. గొడవంతా కారుతోనే. రానూపోనూ 85 దినార్లు, అంటే పదివేల రూపాయల పైమాటే. పాత రాజమార్గం (కింగ్స్ హైవే) మీదుగా అని ముందురోజే మాట్లాడుకున్నాం. తీరా ఎక్కాక డ్రైవరు ఎడారి హైవే పట్టి, ఏ దారైనా ఒకటే అన్నాడు. ఎలా ఒకటవుతుంది? రాజమార్గంలో వాదీ ముజిబ్ లోయ వస్తుంది, బైబిల్లోని అర్నోను అదే. ఇటు లారీలు, దుమ్ము తప్ప ఏమీ లేవు. నిలదీస్తే 20 దినార్లు అదనంగా అడిగాడు. మా ఆయనకు తగవులంటే గిట్టదు, ఫోనులో తల దూర్చారు. అత్తయ్య ఆపకుండా కీర్తనలు పాడారు, అదీ గొంతెత్తి. చివరికి తిరుగు ప్రయాణం రాజమార్గంలో అని 10 దినార్లకు బేరం తెగింది.

కోట చూశాక కోపం కొంత చల్లారింది. యెరూషలేము కోసం యుద్ధాలకు వచ్చిన యూరప్ క్రైస్తవ యోధులు, అంటే క్రూసేడర్లు, 1142లో కట్టడం మొదలుపెట్టారు. ముతకగా చెక్కిన నల్లరాయి వాళ్లది, దాని మీద తెల్లటి సున్నపురాయి తర్వాత వచ్చిన ఈజిప్టు ముస్లిం పాలకులు మమ్లూకులది. ఎవరి గోడ ఎవరిదో అత్తయ్యే వేలుపెట్టి చూపించారు. 1183లో లోపల పెళ్లి జరుగుతుండగానే ముస్లిం సుల్తాను సలాదీన్ ముట్టడించాడు. కొత్త దంపతులున్న బురుజును కొట్టవద్దని సైన్యానికి చెప్పాడంటారు. కోట 1188లో అతని సైన్యానికి లొంగింది. పడమటి గోడ దగ్గర నిలబడితే మృత సముద్రం కనిపిస్తుంది, కానీ చాలాచోట్ల పిట్టగోడ లేదు. పిల్లల చెయ్యి వదలకండి. కింది గదుల్లో చీకటి, టార్చి తప్పనిసరి. టికెట్టు 2 దినార్లు, వీసా రుసుము, టికెట్లు కలిపి ముందే కొనుక్కునే జోర్డాన్ పాస్ ఉంటే అదీ అక్కర్లేదు.

కోట గేటు ముందే పిలిచే హోటళ్లను వదిలేసి ఊళ్లోకి నడిచాం. ఒక చిన్న హోటల్లో మన్సఫ్ ప్లేటు 6 దినార్లు. గొర్రె మాంసం, అన్నం, పైన జమీద్ పులుసు. ఎండబెట్టిన పెరుగు ముద్దలను కరిగించి కాచే ఆ జమీద్‌కు కెరక్ పెట్టింది పేరు. మజ్జిగపులుసుకు మాంసం రుచి పడితే ఎలా ఉంటుందో అలా ఉంది. హోటలు తిండి ముట్టని అత్తయ్య రెండోసారి పులుసు పోయించుకున్నారు. యజమాని దానికి డబ్బు తీసుకోలేదు.

తిరుగు దారిలో లోయ అంచున పావుగంట ఆపడానికి కూడా డ్రైవరు సణిగాడు. దీబాన్ కూడా ఈ దారిలోనే ఉంది. మేషా తన విజయాలను చెక్కించిన రాయి 1868లో దొరికింది అక్కడే, ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మీరు వెళ్తే దారి పేరు, ఆగే చోట్లు, ధర మూడూ వాట్సాప్‌లో రాయించుకున్నాకే కారెక్కండి. ఎడారి హైవే అంటే వేరే కారు చూసుకోండి.