లివర్‌పూల్ వెబ్‌సైటు: రంగు కన్నా కింది వాక్యాలే విలువైనవి

హెచ్ఐవీ మందులు వాడుతున్నవారికి మలేరియా వచ్చిందని తెలిస్తే, మందులు ఇచ్చే ముందు నేను తెరిచేది లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వారి హెచ్ఐవీ డ్రగ్ ఇంటరాక్షన్స్ వెబ్‌సైటు. ఉచితం. ఏఆర్‌టీ (హెచ్ఐవీ చికిత్స) మందునూ మలేరియా మందునూ ఎంచుకుంటే రంగులో జవాబు వస్తుంది. ఎరుపైతే కలిపి వాడకూడదు, నారింజ అయితే జాగ్రత్త పడాలి, పసుపైతే ప్రభావం స్వల్పం, ఆకుపచ్చ అయితే బెంగ లేదు.

చాలామంది అక్కడితో ఆగిపోతారు. ముప్పు ఉందని రంగు చెబుతుంది గానీ ఏ వైపు నుంచో చెప్పదు. ఆర్టెమెథర్-లుమెఫాంట్రిన్ అనే మలేరియా మందు సంగతే చూడండి. ఎఫావిరెంజ్ అనే హెచ్ఐవీ మందు, కాలేయంలో మందులను విడగొట్టే సీవైపీ3ఏ4 ఎంజైము జోరు పెంచుతుంది. దాంతో మలేరియా మందు రక్తంలో చాలినంత నిలవదు, జ్వరం తిరగబెట్టవచ్చు. 3 రోజుల్లో వేసుకోవాల్సిన 6 మోతాదుల్లో ఒక్కటీ తప్పకూడదు, కొవ్వున్న ఆహారంతోనే వేసుకోవాలి, ఆ తర్వాతా రోగిని గమనించాలి. లోపినావిర్-రిటోనావిర్ అనే మరో హెచ్ఐవీ మందు అదే ఎంజైమును అణచివేస్తుంది. అప్పుడు లుమెఫాంట్రిన్ పేరుకుపోతుంది కాబట్టి చూడాల్సింది గుండె లయను. ఈ తేడా తెలిసేది వివరం తెరిచి చదివితేనే. ఆధారం ఎంత గట్టిదో కూడా అక్కడే రాస్తారు. ప్రతిదానికీ 'వైద్యుడిని సంప్రదించండి' అని చేతులు దులుపుకునే యాప్‌లతో విసిగిన నాకు ఇది పెద్ద ఊరట.

అమోడయాక్విన్ అనే మరో మలేరియా మందు విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలనూ పక్కన పెట్టుకుంటాను. ఎఫావిరెంజ్ వాడేవారికీ జిడోవుడిన్ అనే హెచ్ఐవీ మందు వాడేవారికీ దాన్ని వీలైనంతవరకు ఇవ్వవద్దంటాయి. మొదటి జోడీలో భయం కాలేయానికి, రెండోదానిలో తెల్ల రక్తకణాలకు.

డొలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు వచ్చాక నా పని చాలా తేలికైంది. లుమెఫాంట్రిన్‌తో దానికి పేచీ లేదు, తెర మీద ఆకుపచ్చే. అయితే మలేరియాతో రక్తం తగ్గిందని ఐరన్ మాత్రలూ రాస్తారు. పరగడుపున వేసుకుంటే అవి డొలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఐరన్‌కు 2 గంటల ముందో 6 గంటల తర్వాతో డొలుటెగ్రావిర్ వేసుకోవాలి, లేదా రెండూ భోజనంతో కలిపి. ఐరన్‌ను కూడా జాబితాలో చేర్చితేనే ఈ సంగతి వెబ్‌సైటు చెబుతుంది.

తేదీలు మాత్రం అది అడగదు. ఎఫావిరెంజ్ మానేశాక కూడా ఆ ఎంజైము జోరు కొన్ని వారాలు తగ్గదు. ఈమధ్యే డొలుటెగ్రావిర్‌కు మారినవారికి కొత్త మందు ఒక్కటే ఎంచుకుంటే నిశ్చింతగా ఆకుపచ్చ కనిపిస్తుంది. అందుకే మందు ఎప్పుడు మారిందో ముందు అడిగి, పాతదాన్నీ చేర్చే వెతుకుతాను.